బర్రె అనే ఫాంటు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకున్నాను. దాన్ని మర్యాదగా టెస్టింగ్ అంటారు. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో టెస్టింగ్ విభాగానికి పెద్దగా ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో తప్పులు పట్టుకుంటున్నాను. దీనికి జీతం లేదు, మర్యాద కూడా తక్కువే.

మా కమ్యూనిటీలో సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామంది ఉన్నారు. సాయంత్రం నడకలో కలిసినప్పుడు, "మేడం, మీ కెరీర్‌లో మీరు పట్టుకున్న అతి పెద్ద బగ్ ఏది?" అని అడుగుతుంటారు. బ్యాంకులు కూలిపోయిన కథ, విమానాలు ఆగిపోయిన కథ ఏదైనా వస్తుందని వాళ్ళ ఆశ. "ఒక బర్రె" అంటాను. పెద్దావిడ కదా అని తల ఊపి వెళ్ళిపోతారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. మేమందరం ఇప్పటికీ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నాం, రోజూ పొద్దున్నే ఒకరికొకరు పూలు పంపుకోవాలి.

ముందు మా టీమ్ లీడ్ గురించి చెప్పాలి. భీమవరం మనిషి, కాపురం కూకట్‌పల్లి. పనిలో దిట్ట, మాటలో మెత్తన. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఫాంట్లు. మనం హోటల్‌కి వెళ్తే మెనూలో ధరలు చూస్తాం, ఆయన అక్షరాల మధ్య ఖాళీలు చూసి బాధపడతారు.

ప్రోగ్రాములు రాసేటప్పుడు బాణం గుర్తు చాలాసార్లు కావాలి. కీబోర్డు మీద దానికి కీ లేదు. కర్సర్‌ని జరిపే బాణాలు వేరే సంగతి. అందుకని ఒక అడ్డగీత కొట్టి, పక్కనే 'కన్నా ఎక్కువ' గుర్తు కొడతారు: -> ఇలా. దాన్ని బాణంగా ఊహించుకునే బాధ్యత చూసేవాళ్ళది. కొన్ని ఫాంట్లు ఆ శ్రమ తగ్గిస్తాయి. ఆ రెండు గుర్తులూ పక్కపక్కన పడగానే, రెండింటినీ కలిపి నిఖార్సైన ఒక బాణం గీసి చూపిస్తాయి: → ఇలా. దీన్నే లిగేచర్ అంటారు. గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. మారేది చూపు మాత్రమే, లోపల ఫైల్లో ఉన్నవి ఆ పాత రెండు గుర్తులే. తెలుగు చదివేవాళ్ళం దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫోన్లో మనం వరసగా కొట్టిన అక్షరాలు తెర మీద ఒకదాని కింద ఒకటి వత్తులై సర్దుకు కూర్చోవడం రోజూ చూస్తున్నదే.

మా లీడ్‌కి ఈ బాణాలంటే ప్రాణం. ఒకరోజు భోజనాలయ్యాక టీమంతటినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఉచితంగా దొరికే ఒక ఫాంట్‌ని విప్పి, అందులో కొత్త లిగేచర్ ఎలా చేర్చుకోవచ్చో గంటసేపు చూపించారు. అందరం శ్రద్ధగా నిద్రపోయాం, ఒక్క అమ్మాయి తప్ప.

ఆ అమ్మాయి మా ట్రైనర్. మా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళకి దాన్ని వాడటం నేర్పడం ఆమె పని. మెదక్ వైపు నుంచి వచ్చింది, కాంట్రాక్ట్ మీద చేరింది. మా ఆఫీసులో పర్మినెంట్ వాళ్ళ మెడలో ఐడీ కార్డుకి నీలం తాడు, కాంట్రాక్ట్ వాళ్ళకి పసుపు తాడు. చేసే పనిలో తేడా ఏమీ ఉండదు. తేడా అంతా సాయంత్రం గేటు దగ్గర తెలిసేది. నీలం తాడు వస్తే సెక్యూరిటీ అతను నమస్కారం పెట్టేవాడు, పసుపు తాడు వస్తే బ్యాగు తెరవమనేవాడు. అందులో ఉండేవి ఖాళీ టిఫిన్ బాక్సు, గొడుగు. అయినా రోజూ తెరిచి చూసేవాడు.

అప్పట్లో మేము చేస్తున్నది పాల డెయిరీలకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఊళ్ళలో సేకరించిన పాలను చల్లబరిచే చిల్లింగ్ సెంటర్లు ఉంటాయి కదా, అక్కడ ట్యాంకులో వేడి పెరిగితే వెంటనే సిబ్బంది ఫోన్లు మోగాలి. ఎంత వేడికి మోగాలి, ఎవరి ఫోను మోగాలి అన్నది సెంటర్ మనిషే ఒక్క లైనులో రాసుకోవచ్చు. ముందు ట్యాంకు పేరు, తర్వాత ఎంత వేడి, తర్వాత బాణం, చివర ఎవరికి ఫోను. దాన్ని మేము రూలు అనేవాళ్ళం. ఒక పెద్ద డెయిరీ దాన్ని తీసుకుంది. సెంటర్ల వాళ్ళందరూ మా ఆఫీసుకి వచ్చి ఆ అమ్మాయి దగ్గర నేర్చుకుని, మా క్యాంటీన్ సాంబారు మీద నిజాయితీగా అభిప్రాయం చెప్పి వెళ్ళిపోయారు. డెయిరీ మేనేజరు వచ్చి, అంతా బాగుందని ఒప్పుకుంటే ఆమెని పర్మినెంట్ చేస్తామని మా పై మేనేజరు మాటిచ్చారు. ఒప్పుకోకపోతే ఆ నెలతో కాంట్రాక్ట్ అయిపోతుంది.

సెంటర్ల వాళ్ళు నేర్చుకుని వెళ్ళిన కొన్నాళ్ళకి మా లీడ్ సాఫ్ట్‌వేర్‌కి ఒక అప్‌డేట్ పంపారు. అందులో రూలు రాసే తెరకి తన బాణాల ఫాంట్ పెట్టారు. మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. రంగు, సైజు, ఫాంట్ లాంటివి 'చూపు మార్పులు'. వాటిని టెస్టింగ్‌కి పంపరు. ఫాంట్ మారిస్తే లెక్క మారదు కదా అని. అప్‌డేట్‌తో పాటు వెళ్ళిన కాగితంలో 'చూపులో చిన్న మార్పులు' అని ఉంది. ఆ కాగితాన్ని లోకంలో ఎవరూ చదవరు. చదివినా అందులో బాణం కనబడదు.

వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. రూలు రాస్తే ఎర్ర గీత పడుతోంది, తీసుకోవడం లేదు అని. ఒక సెంటర్లో కొత్త ట్యాంకుకి రూలు పడలేదు, వేడి పెరిగినా ఫోను మోగలేదు, ట్యాంకెడు పాలు విరిగాయి. డెయిరీ మేనేజరు గొంతు కూడా విరిగింది.

మా లీడ్ లోపలి రికార్డులు తెరిచి చూశారు. సెంటర్ల వాళ్ళు కొట్టిన లైన్లన్నింటిలో అడ్డగీతకీ, రెండో గుర్తుకీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఖాళీ ఉంటే అది బాణం కాదు, ఉత్త రెండు గుర్తులు. సాఫ్ట్‌వేర్ తీసుకోదు. అంటే వాళ్ళు రాయడమే తప్పు రాస్తున్నారు. తప్పు రాస్తున్నారంటే నేర్పడంలో లోపం. 'కారణం' అన్న చోట ఆయన 'శిక్షణ లోపం' అని రాశారు. ఆయనకి ఆ అమ్మాయి మీద కోపమేమీ లేదు. తర్కం అలా నడిచింది, ఆయన వెనకాలే నడిచారు.

మర్నాడు క్యాంటీన్లో ఆ అమ్మాయి ట్రే పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మేడం, ఒకటి అడుగుత, ఏమనుకోరు గద?"

"అడుగు పాపా."

"నేర్పినంక మనుషులు మరిచిపోతరు. అది నాకెరికె. గని అందరు ఒక్కతీరుగ మరిచిపోతరా?"

నేను తినడం ఆపాను. నా కింద పనిచేసిన టెస్టర్లు ఎంతోమంది ఉన్నారు, ఇంత మంచి ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. మనుషులు మరిచిపోతే ఒకరు బాణం వదిలేస్తారు, ఒకరు తిరగేస్తారు, ఒకరు దాని స్థానంలో చుక్క పెడతారు. అందరూ అదే చోట అదే ఖాళీ పెట్టారంటే అది మరుపు కాదు. ఎవరో పెట్టిస్తున్నారు.

"రేపు ఏదైనా సెంటర్‌కి పోదామా?" అన్నాను.

"నన్నింక రానిస్తరా మేడం?"

"నీ తాడు నెలాఖరు దాకా నీదే కదా."

మర్నాడు ఆఫీసు కారులో నార్సింగి దాటి, శంకర్‌పల్లి కూడా దాటి ఒక చిల్లింగ్ సెంటర్‌కి వెళ్ళాం. పాల వాసన, తడి నేల, స్టీలు ట్యాంకు. మూలన కంప్యూటరు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన పాత తువ్వాలు. సెంటర్ చూసుకునే పెద్దాయన మమ్మల్ని చూసి తెగ సంతోషపడ్డాడు.

"వచ్చినవా బిడ్డా! జర చూడుండ్రి మేడం, మీ కంప్యూటర్‌కు ఏమో అయింది. మేమొకటి కొడితే అదొకటి రాస్తున్నది."

"మీరు కొట్టండి, నేను చూస్తాను" అని వెనక నిలబడ్డాను. టెస్టింగ్‌లో సగం విద్య ఇదే, నోరు మూసుకుని వెనక నిలబడటం. నాకు అది కొంచెం కష్టమే.

ఆయన ఒక్కో వేలితో కొట్టుకుంటూ వచ్చాడు. ట్యాంకు అయింది, వేడి అయింది. అడ్డగీత కొట్టాడు. తర్వాతి గుర్తు కొట్టగానే రెండూ కలిసిపోయి తెర మీద చక్కటి బాణం వెలిసింది.

"ఆఁ, చూసిండ్రా? మారింది!" అని చటుక్కున వెనక్కి కొట్టేశాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ బాణం. "చూసిండ్రా? ఇడిసిపెడ్తలేదు." మళ్ళీ కొట్టేశాడు. ఈసారి అడ్డగీత తర్వాత ఒక ఖాళీ ఇచ్చి, అప్పుడు రెండో గుర్తు కొట్టాడు. బాణం రాలేదు. రెండు గుర్తులూ విడివిడిగా, ఆ అమ్మాయి క్లాసులో చూపించినట్టే కనిపించాయి. ఆయన మొహం వెలిగింది. ఎంటర్ నొక్కాడు. ఎర్ర గీత పడింది.

"నువ్వు నేర్పిన తీరుగనే ఏస్తున్న బిడ్డా. ఎర్రగైతది."

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. శిక్షణ లోపం అని రాసిన చోట నిజానికి జరిగింది ఇది. ఈయన నేర్పింది నేర్పినట్టు గుర్తు పెట్టుకున్నాడు. క్లాసులో చూసిన రూపం కోసం పట్టుబట్టి, సరిగ్గా పడిన దాన్ని చెరిపి, తప్పు రాస్తున్నాడు. కొంచెం సరిగ్గా నేర్చుకోకపోయి ఉంటే పని జరిగిపోయేది.

విషయం ఆయనకి విడమరిచి చెబుదామని నేను ఒక ప్రయత్నం చేశాను. "పెద్దాయనా, మీరు ఫోన్లో 'అమ్మ' అని ఎట్లా రాస్తారు? 'మ' కొట్టి, పొల్లు కొట్టి, మళ్ళీ 'మ' కొడితే అవి కలిసిపోవూ..."

"నేను రాయ మేడం. మాట్లాడి పంపుత."

ఉదాహరణలు చెప్పడంలో నాకున్న నైపుణ్యం గురించి ఇంతకన్నా రాయను.

ఆఫీసుకి వచ్చి మా లీడ్‌తో చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు, మధ్యలో టీ కూడా తెప్పించారు.

"అంటే బాణం వచ్చిందని కొట్టేస్తున్నారా అండి? అదేంటండి మేడం, వదిలేస్తే పని చేస్తుంది కదండి!"

"వాళ్ళకి తెలియదు కదా."

"కనిపించేది పట్టించుకోవద్దని ఒక మెసేజ్ పెడదాం అండి. లోపల ఒక్క అక్షరం కూడా మారలేదు. కావాలంటే ఫైలు తెరిచి చూడండి."

చూశాను. మారలేదు.

"ఫాంట్ తీసేస్తే?" అన్నాను.

ఆయన నన్ను, పిల్లాడి చేతిలో బొమ్మ లాక్కోబోయిన మనిషిని చూసినట్టు చూశారు. "మేడం, లెక్క మార్చని దాన్ని బగ్ అని రాస్తే రేపు గోడ రంగు కూడా బగ్ అవుతుందండి. కారణం దగ్గర మాత్రం శిక్షణ అనే ఉంచుదాం అండి. బాణం వస్తుందని ముందే చెప్పుంటే సరిపోయేది."

"ఆమె నేర్పినప్పుడు బాణం లేదు కదా?"

"ఊహించి చెప్పొచ్చు కదండి."

వాదనలో ఆయనే గెలిచారు. ఇలాంటి వాదనల్లో ఫైలు తెరిచి చూపించగలిగినవాళ్ళే గెలుస్తారు. కానీ నాకు గెలుపు అక్కర్లేదు. శుక్రవారం డెయిరీ మేనేజరు వస్తున్నాడు. ఆయన ముందు 'శిక్షణ లోపం' అన్న కాగితం పెడితే ఆ అమ్మాయి తాడు కత్తిరించినట్టే. అంతకు ముందే మా లీడ్‌కి, తాను కొట్టిందొకటి, తెర మీద కనిపించేదొకటి అయితే మనిషి చేతివేళ్ళు ఏం చేస్తాయో తెలియాలి. చెప్తే తెలిసేది కాదు. చెప్పి చూశాను.

ఆ అమ్మాయిని పిలిచాను. "పాపా, ఆయన ఫాంట్ల క్లాసు నువ్వొక్కదానివే విన్నావు కదా. అందులో కొత్త లిగేచర్ చేర్చడం గుర్తుందా?"

"ఉన్నది మేడం. నోట్సు గూడ రాసుకున్న."

"ట్యాంకు అని ఇంగ్లీషులో కొడితే, చివరి అక్షరం పడగానే మొత్తం మాయమై ఒక బొమ్మ రావాలి. చేయగలవా?"

"ఏం బొమ్మ మేడం?"

"డెయిరీ వాళ్ళు వస్తున్నారు. నీ ఇష్టం."

ఆ వారంలో మొదటిసారిగా ఆమె నవ్వింది.

డెమోకి వాడే కంప్యూటరు మా టెస్టింగ్ విభాగానిది. దాని మీద ఏం పెట్టాలన్నా నా అనుమతి కావాలి. అనుమతి అడిగాను, ఇచ్చాను.

శుక్రవారం పొద్దున, కేబుల్ బ్రిడ్జి కనిపించే మీటింగు గది. డెయిరీ మేనేజరు వచ్చాడు. తన వెంట సెంటర్ పెద్దాయనను కూడా తెచ్చుకున్నాడు. మా పై మేనేజరు ఒక పక్క, మా లీడ్ ఒక పక్క, నేను ఎప్పటిలా గోడ పక్క. ఆ అమ్మాయి తలుపు దగ్గర కుర్చీలో, మెడలో పసుపు తాడుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

డెయిరీ మేనేజరు పాతబస్తీ మనిషి. ఉపోద్ఘాతాలు లేవు. "చూడండి సార్, మా స్టాఫ్ పరేషాన్ అవుతున్నరు. రూలు రాస్తె తీసుకుంటలేదు. మీరేమో మా వాళ్ళకు రాదంటరు. ఎవరికి రాదో ఇయ్యాల తేలాలె."

మా లీడ్ గొంతు సవరించుకున్నారు. "శిక్షణలో చిన్న గ్యాప్ వచ్చిందండి. రూలు రాయడం చాలా తేలిక. చిన్న పిల్లలు కూడా..."

"అయితే మీరే ఒకటి రాసి చూపించండి" అన్నాను గోడ పక్కనుంచి. "అందరికీ నమ్మకం కలుగుతుంది."

ఆయన సంతోషంగా డెమో కంప్యూటరు ముందు కూర్చున్నారు. వెనక పెద్ద తెర మీద ఆయన కొడుతున్నది కనిపిస్తోంది. ట్యాంకు అన్న మాటలో మొదటి మూడు అక్షరాలు పడ్డాయి. నాలుగోది పడగానే నాలుగూ మాయమై, గోడంత తెర మీద కొమ్ములు తిరిగిన ఒక బర్రె నిలబడింది.

మా పై మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేంది?" అన్నాడు డెయిరీ మేనేజరు. "మా దగ్గర ఆవు పాలే ఎక్కువ."

"ఏదో... ఒక్క నిమిషం అండి" అని మా లీడ్ వెనక్కి కొట్టారు. బర్రె పోయి మూడు అక్షరాలు మిగిలాయి. నాలుగోది కొట్టారు. బర్రె వచ్చింది. వెనక్కి కొట్టారు. ఈసారి నెమ్మదిగా, వేలు బాగా ఎత్తి, తప్పు కీ నొక్కకుండా జాగ్రత్తగా కొట్టారు. బర్రె జాగ్రత్తగా వచ్చింది.

"వైరస్ ఏదైనా ఉందేమో అండి" అన్నారు. మళ్ళీ చెరిపారు. కాసేపు తెర వంక చూశారు. ఆ తర్వాత ఏం చేశారో నేను బతికున్నంత కాలం మరిచిపోను. మూడు అక్షరాల తర్వాత ఒక ఖాళీ ఇచ్చి, అప్పుడు నాలుగోది కొట్టారు. బర్రె రాలేదు. ఆయన మొహం వెలిగింది, అచ్చం శంకర్‌పల్లి అవతల వెలిగినట్టే. మిగతా లైను గబగబా పూర్తి చేసి ఎంటర్ నొక్కారు.

ఎర్ర గీత పడింది.

సెంటర్ పెద్దాయన ముందుకు వంగి, ఎంతో జాలిగా, "సార్, మాకు గిట్లనే అయితది" అన్నాడు.

తలుపు దగ్గర నుంచి ఆ అమ్మాయి గొంతు మెల్లగా వచ్చింది. "సార్, కనిపించేది పట్టించుకోకుండ్రి. లోపల ఒక్క అక్షరం గూడ మారలె."

నేను మా లీడ్‌తో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆయనకి ఒక విషయం అర్థమయ్యే క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కనుబొమలు ముందు దగ్గరకొస్తాయి, తర్వాత చెవులు ఎర్రబడతాయి. రెండూ జరిగాయి. ఎర్ర గీత వంక చూశారు, పెద్దాయన వంక చూశారు, చివరికి కుర్చీ తిప్పారు.

"ఎవరు చేశారండి ఇది?"

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించలేదు. మా పై మేనేజరు ఏదో అనబోయారు. నేను ఆయన వైపు చూసి, "నా అనుమతితోనే" అన్నాను. ఇది నాకున్న అధికారాలన్నింటిలో బాగా వాడుకున్నది.

"ఆ ఫాంట్ లైసెన్సు చూశావా?" అన్నారు మా లీడ్ ఆమెతో.

ఆమెకి అర్థం కాలేదనుకున్నాను. అర్థమైంది. "చూసిన సార్. మార్చుకోవచ్చన్నరు గని, మార్చినంక పాత పేరు వాడొద్దన్నరు. గందుకే పేరు మార్చిన."

"ఏం పెట్టావు?"

"బర్రె."

ఆయన తెర వైపు తిరిగారు. ఖాళీ చెరిపి బర్రెని వెనక్కి రప్పించి, కళ్ళు చికిలించి చూశారు. "కొమ్ముల దగ్గర గీత కొంచెం లావైందండి. పక్క అక్షరాలతో కలవడం లేదు" అన్నారు. అప్పుడు నవ్వారు. ముందు ఆయన, తర్వాత డెయిరీ మేనేజరు, చివరగా, ఇప్పుడు నవ్వచ్చని రూఢి చేసుకుని, మా పై మేనేజరు.

నవ్వు ఆగాక మా లీడ్ చేసిన పని గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటివి మీ ఆఫీసుల్లో మీకు తరచుగా కనబడవు. ఎవరూ అడక్కుండానే తన ల్యాప్‌టాప్ తెరిచి, అందరికీ కనిపించేలా 'శిక్షణ లోపం' అన్న మాటలు కొట్టేసి, 'మేము తెర మార్చాము, వాడేవాళ్ళకి చెప్పలేదు' అని రాశారు. రాసి, డెయిరీ మేనేజరుతో, "మీ వాళ్ళకి బాగానే వచ్చండి. రానిది మాకు" అన్నారు.

"గదే నేను అంటున్న" అన్నాడు డెయిరీ మేనేజరు. "ఇగ ఆ బాణం తీసెయ్యిండ్రి. బర్రెను గూడ."

ఆ మధ్యాహ్నమే తీసేశారు. సెంటర్ పెద్దాయన మా గదిలోనే కూర్చుని రూలు రాశాడు. అడ్డగీత అడ్డగీతలాగే ఉంది, దాని పక్క గుర్తు దానిలాగే ఉంది. ఎంటర్ నొక్కాడు. పచ్చగా అయింది. ఆయన వెనక్కి తిరిగి ట్రైనర్ అమ్మాయితో, "ఇప్పుడు నువ్వు నేర్పిన తీరుగ ఉన్నది బిడ్డా" అన్నాడు. డెయిరీ మేనేజరు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి, మా క్యాంటీన్ సాంబారు రుచి చూడకుండా తెలివిగా వెళ్ళిపోయాడు.

ఇది చదివి, ఈవిడ లిగేచర్లకి శత్రువు అనుకోకండి. కోడ్ రాసేవాళ్ళు తమ తెర మీద బాణాలే కాదు, నెమలి పింఛాలు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. మా లీడ్ కోడ్ చూడముచ్చటగా ఉండేది, బాణాల వల్ల నాకు చదవడం కూడా తేలికయ్యేది. తనకు తానుగా ఎంచుకున్నవాడికి అది సౌకర్యం. చెప్పకుండా ఎదుటివాడి తెర మీద పెడితే, వాడు తన వేళ్ళని తానే అనుమానించుకుంటాడు. ఆ రోజు తర్వాత మా ఆఫీసులో ఫాంట్ మార్పులు కూడా టెస్టింగ్‌కి రావడం మొదలైంది. దానివల్ల మా పని పెరిగిందని నా టీమ్ వాళ్ళు నన్ను చాలాకాలం తిట్టుకున్నారు. నేను విననట్టు ఉన్నాను.

మరుసటి నెల మొదటి రోజు సాయంత్రం నేను బయల్దేరుతుంటే ఆ అమ్మాయి లిఫ్టు దగ్గర కలిసింది. మెడలో నీలం తాడు. ఇద్దరం కిందికి దిగాం.

"ఎట్లా ఉంది?" అన్నాను.

తాడుని అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనిషిని గదే మేడం. ఫాంటు మారింది."

గేటు దగ్గరికి వచ్చాం. అలవాటు కొద్దీ ఆమె బ్యాగు ముందుకు తెచ్చి, జిప్పు సగం తీసింది. సెక్యూరిటీ అతను దాని వైపు చూడనే లేదు. నమస్కారం పెట్టాడు.